ఎడమ చెవి కింద ముడి

మా ఊళ్ళో ఆ సినిమా ఆడలేదు. ఆడనివ్వలేదు. అయినా ఆ నవంబరులో మా ఊరి ఆడవాళ్ళలో సగం మందికి పంటినొప్పి పట్టుకుంది. మిగతా సగానికి తూర్ నగరంలో ఉన్న పిన్నమ్మలూ మేనత్తలూ ఉన్నట్టుండి గుర్తొచ్చారు. మధ్యాహ్నం రైలెక్కడం, దీపాలు పెట్టే వేళకి దిగడం. పన్ను పీకించుకున్న మనిషి బుగ్గ వాచి రావాలా వద్దా? వీళ్ళు బుగ్గలు ఎర్రబడి, కళ్ళు మెరుస్తూ దిగేవాళ్ళు.

నేను ఏ సాకూ చెప్పలేదు. నాది ఆడవాళ్ళ సెలూను, సోమవారం మూస్తాను. సోమవారం రైలెక్కాను, చూశాను, వచ్చేశాను. మొగుడు పోయి ఏడేళ్ళయింది, అత్త అంతకుముందే పోయింది, ఎక్కడికెళ్ళావని అడిగే దిక్కు లేదు. విధవరాలికి మిగిలిన సుఖాల్లో ఇదొకటి. ఎవరైనా అడిగితే చెప్పేదాన్నే. ఎవరూ అడగలేదు. అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తానని అందరికీ తెలుసు.

చర్చి తలుపు మీద వారం వారం ఒక కాగితం అంటిస్తారు. చుట్టుపక్కల ఆడే సినిమాల్లో ఏది ఇంటిల్లిపాదీ చూడొచ్చు, ఏది పెద్దవాళ్ళే చూడాలి, ఏది అసలు చూడకూడదు అని పారిస్‌లో పెద్దలు కూర్చుని తేల్చి పంపిస్తారు. దాన్ని అంటించే పని మొస్యూ రెజిస్ కొర్బెల్‌ది. ఆయన ఇన్సూరెన్స్ ఏజెంటు. మా ఊళ్ళో ఎవరి ఇంటికి నిప్పంటుకున్నా, ఎవరి నీతికి నిప్పంటుకున్నా ఆయనే రావాలి. ఆ సినిమా పేరుకెదురుగా ‘చూడరాదు’ అని ఉంది. ఆయన ఊరుకోక దాని కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాడు. ఆ గీతే లేకపోతే అంతమందికి పంటినొప్పి వచ్చేది కాదని నా నమ్మకం.

అందులో ఏముందని అడుగుతారు, చెప్తాను. ఒక జడ్జి భార్య. చక్కటి ఇల్లు, మంచి మొగుడు, భోజనాల బల్ల దగ్గర ఒక్క పెళుసు మాట ఉండదు. ఆవిడ మధ్యాహ్నాలు వేరే పేరుతో కాలవ గట్టు మీద ఒక గదికి వెళ్తుంది. అక్కడికి మగాళ్ళు వస్తారు. మీరనుకుంటున్నంత ఏమీ చూపించలేదు. తలుపు మూసుకుంటుంది, గోడ మీది కాగితం పువ్వులు కనిపిస్తాయి, అంతే. మధ్యలో ఆవిడకి కలలొస్తాయి. ఏది కలో ఏది నిజమో చెప్పి చావరు. చివరికి ఆవిడ మొగుడి చొక్కాకి బొత్తాం కుడుతూ తనలో తను నవ్వుకుంటుంది, హాల్లో దీపాలు వెలుగుతాయి. నా పక్కనాయన లేచి నిలబడి, ఇంతకీ ఆవిడ వెళ్ళినట్టా వెళ్ళనట్టా అని వచ్చేపోయేవాళ్ళనల్లా అడిగాడు. నేనైతే ఏడ్చాను. ఎందుకేడ్చానో ఆ గదిలోకి వెళ్ళిన ఆవిడకి తెలిస్తే తెలియాలి.

గదిలోకి రాగానే ఆవిడ అద్దం ముందు కూర్చుని సిగ విప్పుతుంది. వీపు మనవైపు. జుట్టు రెండు పాయలు చేసి మెలేసి, ఎడమ చెవి కిందికి లాగి ముడేసి, ముడిలోంచి నల్ల రిబ్బను కొస ఒకటి మెడ మీదికి వదులుతుంది. వెళ్ళిపోయే ముందు మళ్ళీ అంతా విప్పి జడ్జి భార్య సిగ పెట్టుకుంటుంది. నా వృత్తి అది కాబట్టి నా కళ్ళు ఆ ముడి మీదే ఉన్నాయి. గోడల మీది పోస్టర్లలో గానీ, పత్రికల్లో గానీ ఆ ముడి ఎక్కడా లేదు. అన్నిట్లోనూ ముఖమే వేశారు. ముడి తెలియాలంటే సినిమా చూసి ఉండాల్సిందే.

శనివారం సాయంత్రం సొలాంజ్ వచ్చింది. సొలాంజ్ అంటే రెజిస్ కొర్బెల్ భార్యే. మేమిద్దరం సన్యాసినుల బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని ఒకేసారి దెబ్బలు తిన్నాం. నలుగురిలో తనని మదాం కొర్బెల్ అంటాను, ఇద్దరమే ఉంటే ఒసే అంటాను. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. ఇద్దరు కొడుకులూ ఫాదర్ల బడిలో ఉండి చదువుకుంటున్నారు. ఇంట్లో మొగుడూ, మొగుడి తల్లీ. వీపు నిండా పరుచుకునే గోధుమరంగు జుట్టు దానిది. కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమే అంటారు, నిజమే, కానీ ఆ కొప్పుని పద్దెనిమిదేళ్ళుగా నడినెత్తి మీద ఒకే ఉండ చేసి, పదిహేను పిన్నులు గుచ్చి మోస్తోంది.

“ఈసారి వేరేగా కట్టవే,” అంది అద్దంలో నా వైపు చూడకుండా.

“ఎలా?”

“రెండు పాయలు చేసి మెలిపెట్టు. ఆ... ఇంకొంచెం ఎడమకి. చెవి కిందకి.”

నా చేతులు ఆగిపోయాయి. అద్దంలో ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. దాని మెడ దగ్గర్నుంచి ఎరుపు పైకి పాకింది. నేను సొరుగు లాగి నల్ల రిబ్బను తీశాను. ఇది కూడానా అని అడగలేదు. ముడేసి, రిబ్బను కొస మెడ మీదికి వదిలి, వెనకనించి చిన్న అద్దం పట్టుకుని చూపించాను. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి, పదహారేళ్ళ పిల్లలా ఆ అద్దంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. నాకెంత సంతోషమేసిందో.

“ఏం నచ్చిందే నీకు అందులో?” అని అడిగాను గుమ్మం దాకా వెళ్ళి.

“ఎందులో?” అంది. గబగబా వెళ్ళిపోయింది.

మర్నాడు చర్చిలో అసలు సంగతి మొదలైంది. సొలాంజ్ మూడో వరసలో మొగుడి పక్కన కూర్చుంది. నెత్తి మీద పిసరంత టోపీ, దాని కింద మెడ మీద ముడి, ముడిలోంచి నల్ల రిబ్బను. వెనక పది వరసల్లో ఆడవాళ్ళు. ఫాదరుగారు ఆ రోజేం చెప్పారో వాళ్ళల్లో ఒక్కరికీ తెలిసి ఉండదు. తేలు కుట్టిన దొంగల్లా అందరూ కిక్కురుమనకుండా కూర్చున్నారు. అరవాలని ఉంది, అరిస్తే తాము ఎక్కడ చూశారో చెప్పాలి.

నా పక్కన బేకరీ లెయోని కూర్చుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

“ఫెర్నాంద్, మదాం కొర్బెల్ తల కొత్తగా ఉందే,” అని గొణిగింది.

“ఉందా?”

“ఆ ముడి ఎక్కడో చూసినట్టుంది.”

“ఎక్కడ చూశావు?”

లెయోని నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే మూసుకుని, ప్రార్థన పుస్తకం తీసి వెతకడం మొదలుపెట్టింది. ఆ మధ్య పన్ను పీకించుకున్నవాళ్ళల్లో ఆవిడా ఉంది.

ఇలా ఊరంతా తెలిసీ ఊరంతా నోరు మూసుకుంటే సొలాంజ్‌కి ఏ గొడవా లేకపోను. కానీ ప్రసాదం తీసుకోవడానికి లేచినప్పుడు సొలాంజ్ ముందు నడిచింది, రెజిస్ వెనక నడిచాడు. రెండడుగులు వేసి ఆయన ఆగిపోయాడు. వెనకున్న ముసలాయన వచ్చి వీపుకి కొట్టుకున్నాడు. బెంచీ తగిలిందేమో అనుకున్నాను నేను.

మంగళవారం పొద్దున్నే నేనింకా దుకాణం తలుపు తీస్తుండగా సొలాంజ్ వచ్చేసింది. సన్నగా వాన పడుతోంది. నెత్తిన రుమాలు, కళ్ళు వాచి ఉన్నాయి. నేరుగా వచ్చి కుర్చీలో కూర్చుంది.

“కత్తిరించెయ్,” అంది.

“కొసలా?”

“మొత్తం. మగపిల్లాడిలా. ఆయన చెప్పాడు.”

ఆదివారం భోజనాల బల్ల దగ్గర జరిగిందట. అత్తగారు కాల్చిన కోడిని ముక్కలు కోస్తోంది. రెజిస్ తినకుండా కూర్చుని కూర్చుని, ఆ ముడి ఎవరు వేశారని అడిగాడట. ఫెర్నాంద్ అంది ఇది. ఎవరు వెయ్యమన్నారు? నేనే అంది. ఆయన ముఖం పాలిపోయిందట. మంగళవారం వెళ్ళి జుట్టు తీయించుకుని రా, ఆ మెడ మీద నాకు ముడన్నది కనపడకూడదు అన్నాడట. అత్తగారు కోడి తొడ పళ్ళెంలో వేస్తూ, పొట్టి జుట్టయితే శుభ్రంగా ఉంటుందిలే అమ్మాయీ అందట. కత్తిరించుకోకపోతే ఇంట్లో ఏమవుతుందని అడిగాను.

“మాట్లాడడు,” అంది సొలాంజ్. “నిన్నంతా మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం నీకు తెలీదే. ఇంట్లో నేను లేనట్టే నడుస్తాడు. పళ్ళెం అందిస్తే బల్ల మీద పెట్టమని వేలు చూపిస్తాడు. పిల్లలు క్రిస్మస్‌కి వచ్చేసరికి ఇలాగే ఉంటే నేను భరించలేను. జుట్టేగా, పోనీ. మళ్ళీ పెరుగుతుంది.”

“నీకు కత్తిరించుకోవాలని ఉందా?”

“లేదు,” అని ఏడ్చింది.

నేను కత్తెర పట్టుకోలేదు. ఎందుకో చెప్తాను. జర్మన్లు మా ఊరు వదిలిపోయిన ఆగస్టులో నాకు పదహారేళ్ళు, ఈ దుకాణంలోనే పని నేర్చుకుంటున్నాను. పోస్టాఫీసు పిల్ల ఒకతె జర్మన్ సైనికుడితో తిరిగిందని దాన్ని కూడల్లోకి ఈడ్చుకొచ్చారు. మా యజమానురాలు కత్తెర ఇవ్వనంటే వచ్చి లాక్కుపోయారు. పది నిమిషాల క్రితం దాకా జర్మన్లకి వంగి వంగి దణ్ణాలు పెట్టినవాళ్ళే ఆ పిల్ల తల గొరిగారు. వాళ్ళు వెళ్ళాక కూడలి ఊడ్చింది నేను. నల్లటి జుట్టు, ఇంకా వెచ్చగా ఉంది. తలలు చక్కబెట్టడం నా పని. ఆడదాని తప్పుకి ఆడదాని జుట్టు లెక్క కట్టడం నా పని కాదు.

అదంతా సొలాంజ్‌కి చెప్పలేదు. దానికీ తెలుసు, అదీ ఆ రోజు కిటికీలోంచి చూసినదే. “ముందు తలంటి ఆరబెట్టనీ, తరవాత చూద్దాం,” అన్నాను. తలంటాను. రోలర్లు చుట్టాను. వెనక గదిలో పరదా చాటున డ్రయ్యరు కింద కూర్చోబెట్టాను. ఆ డ్రయ్యరు పాతది, గంగాళమంత ఉంటుంది. తల మీదికి దించి మీట నొక్కితే కింద కూర్చున్న మనిషికి పిడుగు పడినా వినపడదు. తమకి వినపడదు గనక ఎదుటివాళ్ళకీ వినపడదనుకుని కేకలేసి మాట్లాడతారు. ఆ డ్రయ్యరు పుణ్యమా అని ఈ ఊళ్ళో ఎవరి కడుపులో ఏముందో నాకు తెలుసు. నేనెవరికీ చెప్పను, అది వేరే సంగతి.

అప్పుడే ముందు తలుపు గంట మోగింది. రెజిస్ కొర్బెల్ లోపలికొచ్చాడు. టోపీ తియ్యలేదు, గొడుగు ముడవలేదు. నేల మీదంతా నీళ్ళు.

“అయిపోయిందా?” అన్నాడు.

“ఏమిటయ్యేది?”

“నా భార్య జుట్టు.”

“ఆరుతోంది. గొడుగు బయట పెట్టండి మొస్యూ, ఇది దుకాణం.”

ఆయన వెళ్ళి గొడుగు బయట పెట్టి వచ్చాడు. వచ్చి నా ముందు నిలబడి గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. “నువ్వు చేసింది పద్ధతేనా ఫెర్నాంద్? పెళ్ళయిన ఆడదానికి, పిల్లల తల్లికి, చర్చికొచ్చే మనిషికి అలాంటి ముడి వేస్తావా? అద్దం ముందు కూర్చుని అది వేసుకునే ఆ సిగ్గులేనిదానిలా, ఆ రిబ్బనుతో సహా?”

“ఎవరు మొస్యూ అద్దం ముందు కూర్చుంది?”

“ఆ సినిమాలో...”

అంతే, ఆగిపోయాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది ఆయన పని. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది, వెనక డ్రయ్యరు హోరుమంటోంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను వదలదలుచుకోలేదు. నాకు ఒళ్ళు మండిపోయి ఉంది.

“పారిస్ నుంచి వచ్చే కాగితంలో ముడి సంగతి కూడా రాస్తారా?” అన్నాను. “పోస్టరు మీదైతే లేదు. నేను వెతికాను.”

“ఊళ్ళోవాళ్ళని వద్దనేటప్పుడు అదేమిటో తెలియాలి కదా.”

“తెలుసుకున్నారుగా. మీ ఆవిడా తెలుసుకుంది. మీకు ఎర్ర గీత, ఆవిడకి కత్తెర. బాగుంది న్యాయం.”

మామూలుగా అయితే ఆయన నన్ను నాలుగు దులిపేవాడే. కానీ కుర్చీలో కూలబడ్డాడు, ఆడవాళ్ళ కుర్చీ అని కూడా చూసుకోకుండా. టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. వెంట్రుకలు పలచబడ్డాయి పాపం, పక్కనించి దువ్వి కప్పుకుంటున్నాడు.

“రెండుసార్లు చూశాను,” అన్నాడు నేలకేసి చూస్తూ. “చివరి వరసలో కూర్చుని. మొదటిసారి కోపమొచ్చింది. ఇంటికొచ్చి చూస్తే సొలాంజ్ నిద్రపోతోంది. నిద్రలో నవ్వుతోంది. ఆ సినిమాలో ఆవిడలాగే. నాకు భయమేసింది ఫెర్నాంద్. పద్దెనిమిదేళ్ళుగా పక్కన పడుకున్న మనిషి తలలో ఏముందో నాకు తెలీదు. అందుకని మళ్ళీ వెళ్ళి చూశాను, ఏమన్నా అర్థమవుతుందేమోనని. అర్థం కాలేదు. ఆదివారం నాడు ఆ ముడి నా కళ్ళముందు నడిచి వెళ్తుంటే...” పరదా వైపు ఒకసారి చూశాడు. “ఎక్కడికి వెళ్తోంది నా భార్య? మధ్యాహ్నాలు ఎక్కడికన్నా వెళ్తోందా? నీకు తెలిసే ఉంటుంది.”

నవ్వొచ్చింది, జాలీ వచ్చింది. మధ్యాహ్నాలు సొలాంజ్ అత్తగారి మోకాళ్ళకి కాపడం పెడుతుంది.

“ఆవిడని అడిగారా?” అన్నాను.

“ఎలా అడగను?”

“ఆ నోటితోనే. కత్తిరించమని చెప్పగలిగిన నోరేగా.” కోపం ఇంకా తగ్గలేదు నాకు. “మొస్యూ, ఈ ఊళ్ళో ఒకసారి మగాళ్ళు కూడల్లో నిలబడి ఆడదాని జుట్టు తీశారు. మీరూ ఉన్నారు అక్కడ.”

ఆయన తలెత్తాడు. “చప్పట్లు నేను కొట్టలేదు.”

“ఆపలేదు కూడా.”

“ఇరవయ్యేళ్ళవాణ్ణి.” టోపీ అంచు చుట్టూ వేళ్ళు తిప్పాడు. “ఇప్పుడొచ్చింది కత్తిరించేది చూడటానికో, వద్దని చెప్పడానికో నాకే తెలీదు. వంతెన దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాను.”

ఈ ముక్క ఆయన ముందే అని ఉంటే నేను అన్ని మాటలు అనేదాన్ని కాదు. అప్పుడు పరదా వెనకనించి సొలాంజ్ గొంతు లేచింది. డ్రయ్యరు హోరుని మించి, వీధి చివరి కూరల కొట్టువాడికి వినపడేంత గట్టిగా.

“ఫెర్నాంద్, ఉన్నావా? మొన్న అడిగావు కదే, ఆ సినిమాలో ఏం నచ్చిందని. చెప్తాను, నవ్వకు.”

రెజిస్ లేవబోయాడు. నేను పరదా దాకా వెళ్ళి, దాని మీద చెయ్యి పెట్టి ఆగాను. వెనక్కి తిరిగి చూశాను. ఆయన లేచీ లేవనట్టు అలాగే ఉండిపోయాడు.

“ఆ మగాళ్ళు కాదే బాబూ. ఒకడి చెమట కంపు తెర మీంచే కొట్టింది. నాకు నచ్చింది వాళ్ళు వచ్చే పద్ధతి. తలుపు తడతారు. ఆవిడ వెంటనే తియ్యదు. తీసేదాకా బయట నిలబడతారు, ఎంత పెద్దమనిషైనా సరే. తీశాక ఒక్క క్షణం అలా చూస్తారు, ఎవరీవిడ అన్నట్టు. రెజిస్ ఏనాడూ మా గది తలుపు తట్టలేదు. ఎందుకు తడతాడు, ఆయన గదేగా. వస్తాడు, గడియారానికి కీ ఇస్తాడు, చెప్పులు విప్పుతాడు, దీపం ఆర్పుతాడు. ఇవాళ నా వైపు తిరుగుతాడా గోడ వైపు తిరుగుతాడా అన్నది ఆ కీ తిప్పే చప్పుడులోనే తెలిసిపోతుంది నాకు. నా ముఖం చూసి తెలుసుకోవాల్సింది ఆయనకేమీ ఉండదు.”

రెజిస్ చేతిలో టోపీ నలిగిపోతోంది.

“పరాయివాడెవడూ నాకక్కర్లేదు. కల్లోకి కూడా ఆయనే వస్తాడే, సిగ్గు లేకపోతే సరి. కల్లో మాత్రం బయట నిలబడి తలుపు తడతాడు. నా పేరు కూడా తెలీనట్టు. నేను లోపల నిలబడి, తియ్యనా వద్దా అని ఆలోచిస్తూ ఉంటాను. ఆ ఆలోచించుకునే కాస్తసేపు ఉంది చూడు, అంత బాగుంటుంది ఫెర్నాంద్, ఏం చెప్పను. ఆ ముడి వేసుకుంటే ఒకసారన్నా ఎవరీవిడ అని చూస్తాడనుకున్నాను. చూశాడులే. కత్తిరించమన్నాడు. నవ్వుతున్నావా?”

నేను నవ్వడం లేదు. ముక్కు చీదుకుంటున్నాను. తిరిగి చూసేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. తలుపు గంట చిన్నగా ఊగుతోంది. పారిపోయాడు పిరికి వెధవ, అనుకున్నాను. అంత విని ఒక్క మాట అనకుండా పోయినందుకు చెంప పగలగొట్టాలనిపించింది. ఈ మనిషి ఇంక మాట్లాడడు, ఇది ఇంక నోరు విప్పదు, క్రిస్మస్‌కి పిల్లలొచ్చి ఆ ఇంట్లో పళ్ళేల చప్పుడు విని వెళ్తారు. డ్రయ్యరు ఆపాలన్నా చెయ్యి రాలేదు.

టక్, టక్, టక్.

మా దుకాణం తలుపు ఎవరూ తట్టరు. తెరిచి ఉందని బోర్డు వేలాడుతూనే ఉంటుంది. పిడి తిప్పితే గంట మోగుతుంది, లోపలికి రావడమే. తలుపు అద్దంలోంచి చూశాను. రెజిస్ కొర్బెల్ మెట్టు మీద నిలబడి ఉన్నాడు. గొడుగు పక్కనే గోడకి ఆనించి ఉంది, తీసుకోలేదు. టోపీ చేతిలో ఉంది. పక్కకి దువ్వుకున్న నాలుగు వెంట్రుకలూ తడిసి నుదుటికి అంటుకున్నాయి. పిడి ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉంది. ముట్టుకోలేదు. మళ్ళీ తట్టాడు.

సొలాంజ్‌కి అది ఎక్కడ వినపడుతుంది? వెళ్ళి డ్రయ్యరు ఆపి, పైకెత్తాను.

“ఎవరో తలుపు తడుతున్నారు,” అన్నాను.

“తెరిచే ఉందిగా, రమ్మను.”

“నీకోసమే. నువ్వెళ్ళి చూడు.”

“ఈ అవతారంతోనా?” అని తల నిండా ఉన్న రోలర్లు తడుముకుంటూ పరదా పక్కకి తీసింది. చూసింది. చప్పున పరదా వేసేసి నా మోచెయ్యి పట్టుకుంది.

“ఎప్పుడొచ్చాడు?”

అబద్ధం చెప్పలేదు నేను. “నువ్వు మొదలుపెట్టకముందే వచ్చాడు. అంతా విన్నాడు.”

“నన్నెందుకు ఆపలేదే, దొంగముండా?” అంది. ముఖం రెండు చేతుల్తో కప్పుకుంది. చెవులు, మెడ, అన్నీ కందిపోయాయి. “ఎలా చూడను ఆయన ముఖం? ఇంక ఇంటికెలా వెళ్ళను?”

ముందు తలుపు మీద మళ్ళీ చప్పుడైంది. ఈసారి ఇంకా మెల్లిగా, అద్దానికి నొప్పి కలుగుతుందేమో అన్నట్టు.

సొలాంజ్ చేతులు కిందికి దించింది. ఆ చప్పుడు అయిపోయేదాకా విన్నది. తరవాత మెడ చుట్టూ నేను కప్పిన తువ్వాలు సర్దుకుని, రోలర్లతోనే నడిచి వెళ్ళింది. తలుపు దగ్గర నిలబడింది. మధ్యలో అద్దం ఒక్కటే. అటు ఆయన, ఇటు ఇది. ఆయన పెదవులు కదిలాయి, వానలో ఏమన్నాడో వినపడలేదు. మొగుడిలా కాదు, పరిచయం లేని ఊళ్ళో దారి తప్పి వచ్చినవాడిలా చూస్తున్నాడు దాన్ని. రోలర్లనీ, వాచిన కళ్ళనీ, ఎర్రబడ్డ ముక్కునీ, అన్నిటినీ. ఇది పిడి మీద చెయ్యి వేసింది. తిప్పలేదు.

వాన పెద్దదైంది. ఆయన కోటు భుజాలు నల్లబడ్డాయి. ఎదురుగా బేకరీలోంచి లెయోని గుమ్మంలోకొచ్చి నోరు తెరుచుకుని చూస్తోంది. ఈ ఊరి నీతిపరుడు ఆడవాళ్ళ సెలూను ముందు తల తడుపుకుంటూ నిలబడ్డాడు, ఎవరు చూస్తున్నారో కూడా పట్టించుకోకుండా. నాకే ప్రాణం ఆగలేదు.

“తియ్యవే తల్లీ, మనిషికి జ్వరమొస్తుంది,” అన్నాను.

“తీస్తాను,” అంది సొలాంజ్ ఆయన మీంచి కళ్ళు తిప్పకుండా. నవ్వు ఆపుకోలేకపోతోంది. “ఇంకాస్త ఉండు. ఆలోచించుకుంటున్నాను.”